జీరో టికెట్ల డబ్బా

నేను బస్సు కండక్టరును. సిద్దిపేట చుట్టుపక్కల ఊర్లకు బస్సెక్కిన వాళ్లయితే నా గొంతు మీ చెవిన పడే ఉంటుంది. "ముందుకు జరుగున్రి", "డోరు కాడ నిలవడకున్రి", "దిగేటోళ్లున్నరా?" అని పొద్దున మొదలుపెడితే పొద్దుగూకే దాకా మొత్తుకునే గొంతది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి కాలు పెట్టడానికి జాగా ఉండటం లేదు. ఫ్రీయే కదా అని ఊరికే ఎక్కించుకుంటే కుదరదు, మనిషికొక జీరో టికెట్ కొట్టి చేతికివ్వాలి. కార్డు చూపించమంటే ఒకావిడ తీరిగ్గా కొంగు ముడి విప్పుతుంది. ఇంకొకావిడ రోజూ ఎక్కేదాన్ని నాకేం కార్డు అని నా మీదికే లేస్తుంది. డ్యూటీ దిగేసరికి ఒళ్లు హూనమైపోతుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని మంచం మీద ఒరిగితే చాలు, ఇంకేమీ వద్దు అనిపిస్తుంది.

కానీ మూడు రోజులకోసారి ఇంటి దగ్గర నాకు ఇంకో డ్యూటీ ఉంటుంది. ఆ డ్యూటీలో ప్రయాణికురాలు ఒక్కతే, నా బిడ్డ.

బిడ్డ ఇప్పుడు రెండో తరగతి. బడిలో వేయకముందే షుగరు వచ్చింది. చిన్నపిల్లలకు వచ్చే రకం అది. ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు, బయటి నుంచి ఎక్కించాల్సిందే, బతికినన్నాళ్లూ. ఆ 'బతికినన్నాళ్లూ' అన్న మాట హైదరాబాదులో డాక్టరమ్మ చెప్పింది. నేను, నా భార్య, నన్ను కన్న మా అవ్వ ముగ్గురం విన్నాం. బిడ్డ అప్పుడు గోడ మీది బొమ్మలు చూస్తోంది. ఇంటికొచ్చాక ఆ మాటను మేమెవరమూ మళ్లీ ఎత్తలేదు. చూడవచ్చిన చుట్టాలంతా చిన్నపిల్లకు షుగరేందని నోరు నొక్కుకుని, పోయేటప్పుడు మాత్రం పెద్దగైతే అదే పోతది తియ్యి అని ధైర్యం చెప్పి పోయేవాళ్లు. బిడ్డ వింటూ ఉండేది. మేము అవుననలేదు, కాదనలేదు.

మొదట్లో పూటపూటకూ సూదులే. ఆ తరువాత పంపు వచ్చింది. ఎట్లా తెచ్చుకున్నామన్నది వేరే కథ, ఇక్కడ వద్దు. పంపు అంటే నడుముకు కట్టుకునే చిన్న మిషను. అందులో మందు ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని గొట్టం వస్తుంది. గొట్టం చివర వెంట్రుకంత నాళం చర్మం కిందికి దిగి ఉంటుంది, అది కదలకుండా పైన గుండ్రటి పట్టీ అతుక్కుని ఉంటుంది. ఆ నాళం, పట్టీ కలిపి మేము సెట్టు అంటాం. ఒకే చోట ఎక్కువ రోజులు ఉంటే మందు సరిగా ఎక్కదు, చీము పట్టవచ్చు. అందుకని మూడు రోజులకోసారి పాతది తీసి ఇంకో చోట కొత్తది పెట్టాలి. పెట్టడానికి స్ప్రింగు ఉన్న ఒక డబ్బీ ఇస్తారు. చర్మం మీద ఆనించి రెండు పక్కలా బొటనవేళ్లతో నొక్కితే టక్కుమని సూది దిగి, నాళాన్ని లోపల వదిలి తాను బయటికొచ్చేస్తుంది. కన్నుమూసి తెరిచేలోపు పని అయిపోతుంది.

పని అయితే కన్నుమూసి తెరిచేంతే. దాని ముందటి రభస ఉంది చూడండి, దానికి ఒక పూట పట్టేది. డబ్బీ చూడగానే బిడ్డ మంచం కిందికి దూరేది. నేను తాగుబోతులను సీట్ల కింది నుంచి లాగి దించిన వాణ్ణి, మంచం కింద నుంచి ఆ పిల్లను లాగడం మాత్రం నా వల్ల అయ్యేది కాదు. లాగిన కొద్దీ మంచం కోడు పట్టుకుని గీ పెట్టేది. మా ఆవిడ కాళ్లు పట్టుకునేది, అవ్వ దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచేది. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు, లంగాలు కుడుతుంది. దినమంతా సూదితో బతికే మనిషి, బిడ్డ ఒంట్లో సూది దించాలంటే మాత్రం ఆమెకు చేతులు రావు. నేను డ్యూటీలో ఉండి తప్పనిసరి అయితే తనే పెడుతుంది, పెట్టి, వంటింట్లోకి పోయి ఏడుస్తుంది. అందుకని ఆ పని నా మెడకే చుట్టుకుంది. చుట్టుకుంది అంటున్నానని ఏమీ అనుకోకండి. ప్రేమ లేక కాదు, అలసట వల్ల.

బస్సు ఆట నేను ఆలోచించి కనిపెట్టింది కాదు. అలసటలో నోటి నుంచి జారింది. ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి సెట్టు మార్చే వేళయింది. చర్మం మొద్దుబారే మందు మా ఆవిడ రెండు తొడలకూ ముందే రాసి ఉంచింది. బిడ్డ మంచం కింద ఉంది. నేను నేల మీద కూలబడ్డాను. భుజాన బ్యాగు కూడా తీయలేదు. బతిమాలే ఓపిక లేదు, కోప్పడే ఓపిక అంతకన్నా లేదు. ఏం అనాలో తోచక, పొద్దున్నుంచి అంటున్న మాటే అనేశాను.

"యాడ దిగుతవ్?"

మంచం కింద గీ పెట్టడం ఆగిపోయింది. కాసేపటికి చిన్న గొంతు, "మర్కూక్" అంది. అక్కడ మా అవ్వ చెల్లెలు ఉంటుంది. ఎండాకాలంలో పోయినప్పుడు అక్కడి రిజర్వాయరు కట్ట మీద నిలబడి నీళ్లు చూసి వచ్చింది, ఆ నీళ్లు దాని మనసులో ఉండిపోయాయి. సరే, మర్కూక్ ఎక్కడుందో చూపించమన్నాను. మంచం కింది నుంచి ఒక కాలు బయటికొచ్చింది, కుడి కాలు. అట్లా కుడి తొడ మర్కూక్ అయింది. ఆ తరువాత ఎడమ తొడ అక్కన్నపేట, వెనక నడుము కింద మెత్తగా ఉండే చోటు ఇబ్రహీంపూర్. బొడ్డు మాత్రం సిద్దిపేట బస్టాండు. బొడ్డు దగ్గర సెట్టు పెట్టకూడదు కాబట్టి, బస్టాండులో ఎవరినీ దింపమని రూలు పెట్టుకున్నాం.

రూళ్లు ఇంకొన్ని పుట్టాయి. ఊరు ఎంచుకునేది బిడ్డ, కాకపోతే పోయినసారి దిగిన ఊర్లో మళ్లీ దిగడానికి లేదు. నేను రెండుసార్లు "రైట్, రైట్" అంటాను, రెండో రైట్‌కు నొక్కుతాను. నొప్పి అవుతుందా అని బిడ్డ అడిగితే నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ రూలు నేనే పెట్టాను. దవాఖానలో అందరూ చీమ కుట్టినట్టు ఉంటుందని చెప్పి పొడిచేవాళ్లు. బిడ్డ ఆ చీమ మాటను అసహ్యించుకునేది. నేను చీమ కాదు, కందిరీగ అని చెప్పాను. కుడుతుంది, కుట్టి పోతుంది అన్నాను. దానికి ఆ మాట నచ్చింది. నిజం చెప్పే మనిషి ఒకడు దొరికాడనుకుందేమో.

ఇక టికెట్లు. ఆడవాళ్లు దిగేటప్పుడు జీరో టికెట్లను బస్సులోనే పారేసి పోతారు, ట్రిప్పు అయ్యేసరికి కాళ్ల కింద తెల్లగా పరుచుకుని ఉంటాయి. అందులో శుభ్రంగా ఉన్నది ఒకటి ఏరి జేబులో పెట్టుకుని వచ్చేవాణ్ణి. సెట్టు పెట్టాక బిడ్డ చేతిలో పెట్టేవాణ్ణి. ఆడపిల్లవు కదా, నీకు ఫ్రీ అనేవాణ్ణి. అప్పుడప్పుడే చదవడం వస్తోంది దానికి, టికెట్ మీద ఊరి పేరు కూడబలుక్కుని చదివేది. అక్కన్నపేటలో దిగినప్పుడు మర్కూక్ టికెట్ ఇస్తే ఊరుకునేది కాదు, ఇది తప్పు టికెట్ అనేది. నాకు ఆ రూటు డ్యూటీ పడకపోతే డిపోలో తోటి కండక్టర్లను అడుక్కుని తెచ్చేవాణ్ణి. కింద పడ్డ టికెట్లు ఏరుకుంటున్నావేందిరా, పిచ్చి లేసిందా అని నవ్వేవాళ్లు. లేసిందనే అనుకొమ్మన్నాను.

టికెట్లు దాచుకోవడానికి అవ్వ ఒక చిన్న బిస్కెట్ల రేకు డబ్బా ఇచ్చింది. కొన్నాళ్లకు చూస్తే ఆ డబ్బా దేవుని గూట్లో ఉంది, మూత మీద పసుపు బొట్లు కూడా ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. కొమురవెల్లి మల్లన్న మా ఇంటి దేవుడు. అవ్వకు ఇంట్లో ఏది కనబడినా ఆయనకు చూపించనిదే తోచదు. పిల్ల సంతోషంగా ఉంది, చాలు అనుకుని నేను పట్టించుకోలేదు.

ఆ కొన్ని నెలలు మంచం కింద ఎవరూ దూరలేదు. సెట్టు మార్చే రోజు వచ్చిందంటే బిడ్డే డబ్బీ తెచ్చి నా ముందు పెట్టేది. పాత పట్టీ ఊడదీయడానికి కొబ్బరినూనె గిన్నె తెచ్చేది. నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మా ఆవిడ కూడా కుట్టు మిషను ముందు కూర్చుని ఏదో పాట పాడుకోవడం విన్నాను.

ఆ తరువాత సెట్లు ఊడిపోవడం మొదలైంది.

మూడు రోజులు ఉండాల్సింది రెండు రోజులకే ఊడేది. ఒక్కోసారి పొద్దున పెడితే సాయంత్రానికే ఊడి, గొట్టానికి వేలాడుతూ ఉండేది. సెట్టు ఊడితే పంపు అరవదు, ఊరికే గాలిలోకి మందు వదులుతూ ఉంటుంది. మనం చూసుకోకపోతే రెండు మూడు గంటల్లో షుగరు పైకి ఎగబాకుతుంది. నేను బస్సులో ఉండగా మా ఆవిడ ఫోను చేసేది. మళ్లా ఊడింది అన్న ఒక్క మాటే అనేది, నేను సరే అనేవాణ్ణి. ఇంకేం అంటాను? బస్సు నిండా జనం, ఒక చేతిలో టికెట్ మిషను, ఇంకో చేతిలో ఫోను.

ఎండకు చెమట పట్టి ఊడుతోందనుకున్నాం. పైన ఇంకో టేపు వేశాం. అయినా ఊడింది. సెట్లు పంపించే ఆయనకు ఫోను చేసి, జిగురు లేని సరుకు అంటగడుతున్నావని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన పాపం వేరే పెట్టె పంపించాడు. అవీ ఊడాయి. చివరికి మా ఆవిడ కన్ను అవ్వ మీద పడింది. అవ్వకు ఆదివారం వచ్చిందంటే మనవరాలికి ఒంటినిండా నూనె పెట్టి రుద్ది నీళ్లు పోయాలి. నూనె అంటితే పట్టీ నిలవదు, వద్దత్తమ్మా అంటే వినవు అని మా ఆవిడ గట్టిగానే అంది. అవ్వ ఒంటికి రుద్దే నూనె గిన్నె తీసి అటక మీద పెట్టింది. మధ్యలో కల్పించుకునే శక్తి నాకు లేదు. ఇంటికొచ్చేది తిని పడుకోవడానికే అన్నట్టుంది అప్పటి నా బతుకు. నూనె ఆగినా సెట్లు ఊడటం ఆగలేదు.

విచిత్రమేమిటంటే, ఇంత జరుగుతున్నా బిడ్డ ఏడవడం లేదు. ఊడిందని తనే వచ్చి చెప్పేది. కొత్తది పెట్టించుకుని, టికెట్ చేతికి రాగానే గూటి దగ్గరికి పోయేది. అది చూసి, చిన్నదైనా ఎంత ఓర్చుకుంటోందని మురిసిపోయాను కూడా.

ఆ రోజు అక్కన్నపేట నుంచి తిరుగు ట్రిప్పులో ఉన్నాను. మా ఆవిడ ఫోను చేసింది. ఈసారి మళ్లా ఊడింది అనలేదు. బడిలో బిడ్డ వాంతులు చేసుకుందట, కళ్లు తేలేసిందట, టీచరమ్మ ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోతోందట. తానూ అక్కడికే పోతున్నానంటూ ఫోను పెట్టేసింది. బస్సు సిద్దిపేట చేరేదాకా నేను దిగిపోవడానికి లేదు. డ్రైవరుతో చెప్పాను, ఆయన స్పీడు పెంచాడు. నేను టికెట్లు కొడుతూనే ఉన్నాను. చూసుకోకుండా ఒకావిడకు తప్పు ఊరు కొట్టాను. ఆమె నా మొహం చూసి ఏమైందని అడిగింది, చెప్పాను. "నా టికెట్ యాడికి పోతది కొడుకా, నువ్వు కూసో" అని పక్కనున్న పిల్లను లేపి నాకు సీటు ఇప్పించింది. కండక్టరుగా ఇన్నేళ్లలో నడుస్తున్న బస్సులో నేను కూర్చుని ఏడ్చింది ఆ ఒక్కసారే.

నేను పోయేసరికి సెలైను ఎక్కుతోంది. మందు లేక ఒళ్లంతా విషం పట్టిందని, వేళకు తెచ్చారు కాబట్టి సరిపోయిందని డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి తేరుకుంది. పెదవులు ఎండిపోయి, కళ్లు గుంటల్లోకి పోయి, ఒక్క పూటలో సగమైపోయినట్టు కనబడింది. సెట్టు ఊడి చాలాసేపు అయి ఉంటుందని మా ఆవిడ బడి సంచి వెతికింది. పెన్సిళ్ల డబ్బాలో, కాగితంలో చుట్టిపెట్టి ఉంది సెట్టు. దాని మీద మేము వేసిన రెండో టేపు కూడా మడత నలగకుండా అట్లాగే ఉంది. ఊడిన పట్టీ అట్లా ఉండదు. గోటితో అంచు నుంచి నెమ్మదిగా ఒలిస్తేనే అట్లా వస్తుంది. మా ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టింది.

అప్పుడేమీ అడగలేదు. ముందు కొత్త సెట్టు పెట్టాలని డాక్టరు చెప్పాడు. యాడ దిగుతవని మామూలుగానే అడిగాను. వేలితో ఎడమ తొడ చూపించింది. రైట్, రైట్ అన్నాను, నొక్కాను. బిడ్డ సెలైను లేని చెయ్యి నా ముందు చాపింది. నా బ్యాగులో ఆ మధ్యాహ్నం ఏరిన అక్కన్నపేట టికెట్ ఉంది, తీసి ఇచ్చాను. టికెట్‌ను గుప్పిట్లో పట్టుకుని, "డబ్బాల ఎయ్యాలె బాపూ, జర్రంతే తక్కువుంది" అంది.

దేనికి తక్కువ అని అడిగాను.

"నిండనీకి. నిండితే మల్లన్నకు ముడుపు ఇచ్చి రావాలె గదా. పంపు గూడ ఆడనే ఇచ్చేసి రావాలె. బాపమ్మ చెప్పింది."

మా ఆవిడతో వచ్చి మంచం చివర కూర్చున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మీలో తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ముడుపు అంటే మొక్కు. ఫలానా పని అయితే నీ దగ్గరికి వచ్చి ఇది సమర్పించుకుంటాం స్వామీ అని పసుపు బట్టలో కట్టి పెడతారు. అవ్వ ఆ టికెట్ల డబ్బానే మల్లన్నకు ముడుపు కట్టింది. అది నిండేసరికి మనవరాలికి నయం చేయమని మొక్కుకుంది. మొక్కుకున్నది మనసులో ఉంచుకోలేక మనవరాలి చెవిన వేసింది. పిల్ల దాన్ని పిల్ల లాగే అర్థం చేసుకుంది. డబ్బా నిండాలి, నిండాలంటే టికెట్లు కావాలి, టికెట్ కావాలంటే సెట్టు మార్చాలి. కాబట్టి సెట్టు పీకాలి. అంత నొప్పినీ అది కోరి కోరి పిలుచుకుంది, తొందరగా అయిపోవాలని.

"నేను మొక్కుకున్న కొడుకా, పోరికి ఆశ చెప్పిన. గిట్ల పీక్కుంటదని నాకెర్కనా?" అంది అవ్వ. మా ఆవిడ లేచి వరండాలోకి పోయింది. కోపం వస్తుందేమోనని నేను నా లోపల వెతుక్కున్నాను. రాలేదు. అవ్వను ఏమని అనను? చుట్టాలు పెద్దగైతే పోతది అన్నారు, అవ్వ డబ్బా నిండితే పోతది అంది. పోదు అన్న మాట ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ పీకుతుంది, ఈసారి వేళకు చూసుకోకపోతే ప్రాణానికే వస్తుంది. వరండాలో మా ఆవిడ నాతో అదే అంది. "నీ మాటనే నమ్ముతది. నువ్వే చెప్పు" అంది.

ఇంటికి వచ్చాక ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని వాయిదా వేస్తూ పోయాను. బడికి ఇంకా పంపలేదు, ముగ్గురిలో ఒకరం కళ్లలో వత్తులేసుకుని కాపలా ఉన్నాం. మళ్లీ సెట్టు మార్చే రోజు ఆదివారం పడింది. పొద్దున్నే బిడ్డ డబ్బీ, నూనె గిన్నె తెచ్చి పెట్టింది. గూట్లో నుంచి రేకు డబ్బా దింపించుకుని ఒళ్లో పెట్టుకుంది. మూత తీసి చూపించింది. అంచు దాకా ఉన్నాయి టికెట్లు.

"ఇయ్యాల్టి టికెట్ ఏస్తె నిండుతది బాపూ. కొమురెల్లికి ఎప్పుడు పోదాం?"

నొప్పి గురించి నీకు నేనెప్పుడన్నా అబద్ధం చెప్పానా అని అడిగాను. లేదని తల ఊపింది.

"గిది గూడ నిజమే చెప్త బిడ్డా. డబ్బా నిండినా పంపు పోదు. నువ్వు పెద్దగైనా పోదు."

"మల్లన్నకు ఇచ్చినా?"

"ఇచ్చినా పోదు. అది లేకుంటె నువ్వుండవు."

ఒళ్లోని డబ్బా వైపు చూసింది. "మరి లాస్ట్ స్టాప్ యాడ?" అంది.

"ఈ బస్సుకు లాస్ట్ స్టాప్ లేదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. డబ్బా మూత పెట్టి, లేచి, ఎన్ని నెలల తరువాతనో మళ్లీ మంచం కిందికి పోయింది. గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఆవిడ ఇడ్లీ పెడితే ముట్టుకోలేదు. అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని, లోపలికి చేయి చాచి వీపు రాస్తూ ఉండిపోయింది. నేను ఆ రోజు డ్యూటీకి సెలవు పెట్టాను. పాత సెట్టు ఇంకో పూట ఆగుతుంది, బలవంతం చేయొద్దనుకున్నాం. నాకు అంత అలసట ఎప్పుడూ తెలియదు. కాళ్లలో కాదు, చేతుల్లో కాదు, ఎక్కడో చెప్పలేను. నా చేతులతో నేను దాని ఆశను తుంచేశాను. ఇక అది నా దగ్గర కూర్చుంటుందా, నా చేత సెట్టు పెట్టించుకుంటుందా అన్నదే నా భయం.

మధ్యాహ్నం దాటాక బయటికొచ్చింది. డబ్బా తెచ్చి చాప మీద బోర్లించింది. టికెట్లన్నీ కుప్పగా పడ్డాయి. కొత్త వాటి మీద అక్షరాలు ఉన్నాయి. పాతవి వెలిసిపోయి ఉత్త తెల్ల కాగితాలై ఉన్నాయి. ఆ మిషను టికెట్లంతే, కొన్నాళ్లకు అచ్చు ఎగిరిపోతుంది. ఒక తెల్ల టికెట్ పట్టుకుని, ఇది చెల్లుతదా అని అడిగింది. దిగినాక ఏదీ చెల్లదని చెప్పాను. కాసేపు ఆ కాగితాన్ని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది.

"నీ డ్యూటీకి లాస్ట్ స్టాప్ ఉంటది గదా. నువ్వు దిగిపోతే నాకెవలు పెడ్తరు?"

ఆ ప్రశ్న నేను నన్ను ఎన్నిసార్లు అడుక్కున్నానో నాకే తెలుసు. దాని నోటి నుంచి వింటానని అనుకోలేదు. అప్పటికి నీకే వస్తది, నువ్వే పెట్టుకుంటవ్ అన్నాను. బిడ్డ, రూలు ప్రకారం నిజమే చెప్పానా లేదా అన్నట్టు నా మొహంలోకి చూసింది. తరువాత లేచి, మేకుకు తగిలించి ఉన్న నా బ్యాగు దింపుకుని మెడలో వేసుకుంది. అది దాని మోకాళ్ల దాకా వేలాడింది.

"ఇయ్యాల్టి సంది కండక్టర్‌ను నేను. నువ్వు డ్రైవర్‌వి. నేను రైట్ అనేదాక నొక్కద్దు."

యాడ ఆపాలె మేడం అని అడిగాను. ఇబ్రహీంపూర్ అని చెప్పి, బ్యాగుతో సహా చాప మీద బోర్లా పడుకుంది. మొద్దుబారే మందు రాసి, అది పట్టేదాకా ఆగాం. నడుము కింద తుడిచి, డబ్బీ ఆనించి, రెండు బొటనవేళ్లూ పెట్టి సిద్ధంగా కూర్చున్నాను. తలుపు దగ్గర అవ్వ నిలబడి చూస్తోంది. బిడ్డ తల ఎత్తి, "బాపమ్మా, డోరు కాడ నిలవడకు, లోపలికి జరుగు" అంది. అవ్వ కళ్లు తుడుచుకుంటూ లోపలికి జరిగింది. మా ఆవిడ మిషను తొక్కడం ఆపింది.

బిడ్డ చాప అంచు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. వీపు ఎగిసి పడుతోంది. నేను వేల సార్లు రైట్ అన్నవాణ్ణి, ఇంకొకరి రైట్ కోసం కూర్చోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. నొక్కేస్తే అయిపోతుంది కదా అని ఒకసారి అనిపించింది. నొక్కలేదు. మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది.

"రైట్" అంది, వినీ వినబడనట్టు. కాసేపు ఊపిరి బిగబట్టి, "రైట్" అంది మళ్లీ.

నొక్కాను. టక్కుమంది. బిడ్డ ఒళ్లు ఒక్కసారి బిగుసుకుని వదులైంది. నెమ్మదిగా లేచి కూర్చుంది, బ్యాగు సర్దుకుంది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మా ముగ్గురినీ వరుసగా ఒకరి తరువాత ఒకరిని చూసింది.

"వచ్చేది మర్కూక్. దిగేటోళ్లున్నరా?" అని అడిగింది.

మాలో ఎవరమూ దిగలేదు.